పేరు దాచి ఊరు రాశాను

నా బ్లాగు చదివేవాళ్లలో సగం మందికి చదవడం రాదు. అక్షరాలు వచ్చు, అంతే. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టిన పేపర్లు విప్పి చదువుకుని ఈ మాత్రం భాష సంపాదించినవాణ్ని. ఆ మాట అనే హక్కు నాకుంది.

సౌదీలో దమ్మామ్ దగ్గర ఒక మెయింటెనెన్స్ కంపెనీలో స్టోర్‌కీపర్ని. పైపులు, వాల్వులు ఇచ్చి సంతకాలు పెట్టించుకోవడం నా పని. సరుకు కోసం ఎవరూ రాని వేళల్లో ఫోన్‌లో ఒక్క వేలితో టైపు చేసుకుంటూ ఆరేళ్లుగా బ్లాగు రాస్తున్నాను. క్యాంపులో చూసినవే రాశాను. మొన్నటిదాకా ఒక్క అబద్ధం రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు.

పేరు రాయకపోతే చాలనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

మా గదిలో ఆరుగురం. అందులో ఒకతను ఆఫీసు గదులు తుడుస్తాడు. ఈ దేశంలో ఉండటానికిచ్చే ఇకామా కార్డు మీద అతని పని ‘ఆమిల్’ అని ఉంటుంది, అంటే కూలీ. ఇంట్లో మాత్రం సూపర్‌వైజర్నని చెప్పుకున్నాడు. గురువారం సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక మేనేజర్ కుర్చీలో కూర్చుని భార్యకు వీడియో కాల్ చేస్తాడు. చీపురు కనబడకుండా టేబుల్ కింద తోసేస్తాడు. ఒకసారి ఆ గదికి ట్యూబులైటు తీసుకెళ్లి నేను చూశాను. అతను లేవలేదు. అక్కడ పెట్టు అన్నట్టు చేత్తో సైగ చేశాడు. పెట్టాను. “సార్” అని కూడా అన్నాను.

అది రాశాను. ఎగతాళికి కాదు. సైగ చేస్తూనే కాలితో చీపురును ఇంకా లోపలికి తోశాడు, అందుకు రాశాను.

క్యాంపులో మేం ఎవరినీ పేరుతో పిలవం. ఒకే పేరు నలుగురికి ఉంటుంది కనుక ఊరితో పిలుచుకుంటాం. పన్నెండేళ్లుగా అతన్ని అలాగే పిలుస్తున్నాను. బ్లాగులోనూ పేరు వదిలేసి ఊరు రాశాను. మా దగ్గర ఊరే మనిషి పేరన్న సంగతి రాసేటప్పుడు తట్టలేదు. ఆ ఊరేదో ఇప్పుడు చెప్పను.

ఆఫీసులో కోస్తా వైపు ఇంజినీరు ఒకడున్నాడు. నా రాతలో ఆ ముక్క కత్తిరించి, నవ్వే బొమ్మలు తగిలించి వాట్సాప్‌లో తోశాడు. రెండు రోజుల్లో అది ఆ ఊరివాళ్ల గ్రూపులో తేలింది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే మా గదిలో అతను వచ్చి నా కంచం ముందు నిలబడ్డాడు.

“కాకా, నీకేం జేసిన నేను?”

“పేరు రాయలేదురా నేను.”

“ఊరు రాస్తివి గద! మా ఊరోడు ఈ కంపెనీల నేను గాక ఇంకెవడున్నడే? నా పెండ్లాం ఫోన్ ఎత్తుతలేదు. మా బిడ్డ ‘బాపూ, చీపురు సూపియ్యి’ అని మెసేజ్ వెట్టింది.”

“తీసేస్త. ఇప్పుడే తీసేస్త.”

“తీసేస్తే ఏమైతది? అందరి ఫోన్లల్ల ఉన్నది. అబద్ధం రాసిన అని రాయి.”

“అది రాయ.”

“ఎందుకు రాయవ్? వాల్వులు ఇచ్చేటోడివి, పెద్ద రైటర్‌వా?”

“అబద్ధమంటే ఆరేండ్ల రాతంత అబద్ధమైతదిరా.”

“నీ రాత నీకు ముద్దు. నా ఇల్లు నాకు ముద్దుగాదా?” అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కూడా సెలవే కనుక ఇంజినీరు ఉండే ఫ్లాటు వెతుక్కుంటూ పక్క పట్నం అల్ ఖోబర్ వెళ్లాను. ఊరి పేరు చెరిపి పంపలేకపోయారా అని అడిగాను.

“ఏంటి బాబాయ్, సరదాకి పంపాను. అయినా రాసింది మీరేగా? ఫేమస్ అయిపోయారు, పార్టీ ఎప్పుడు?”

ఆ పళ్లు రాలగొట్టాలనిపించింది. కానీ రాసింది నేనే.

తిరుగు బస్సులోనే బ్లాగులో రాశాను. ఆ కుర్చీలో కూర్చునేది నేనే, తుడిచేదీ నేనే, సిగ్గుపడి గదిలోవాడి ఊరు తగిలించానని. ఆరేళ్లలో అదొక్కటే అబద్ధం. ఎవరూ అడగకుండానే ఇంజినీరు దాన్ని మొదటిదానికంటే తొందరగా ఊరేగించాడు. ఈసారి నవ్వే బొమ్మలు నాకు.

అతని భార్య ఫోన్ ఎత్తిందట. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో తెలియదు. అతను నాతో మాట్లాడడు. పరుపు చుట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. పోనీ. అతను క్షమిస్తాడని నేను రాయలేదు.

మరుసటి వారం ఇంజినీరు కొత్త సేఫ్టీ బూట్ల కోసం స్టోరుకు వచ్చాడు.

“బాబాయ్, ఏమాటకామాట. మీరు రాసినవాటిలో ఇదొక్కటే నిజంలా ఉంది.”

సంతకం పెట్టించుకుని డబ్బా ఇచ్చాను. రెండూ ఎడమకాలివే.