గడ్డికప్పు మీద కుక్కలూ పిల్లులూ

సాయుధ పోరాటం రోజుల గురించి రాసినవాళ్లు తుపాకుల గురించీ దళాల గురించీ రాశారు. ఆ రోజుల్లోనే ఒక పూట మేము కడుపుబ్బ నవ్వాము. ఆ నవ్వు వల్ల ఒక మనిషి జైలుకు పోకుండా మిగిలాడు. ఆనాడు అక్కడున్న కచేరీవాళ్లలో ఇప్పుడు నేనొక్కడినే ఉన్నాను కాబట్టి రాసిపెడుతున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను మానుకోట తహసీలు కచేరీలో ముతర్జింగా, అంటే తర్జుమా గుమాస్తాగా వేశారు. కచేరీ కాగితాలు ఉర్దూలో ఉండేవి. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన, తెలుగు రాని అధికారి ఇంగ్లీషులో రాసేవాడు. రైతులు తెలుగులో మాట్లాడేవారు. నేను చదివింది ఏడో జమాతే అయినా, జనగామ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నాను. అక్కడ ఇంగ్లీషు పలుకుబళ్లు ఎలా పుట్టాయో చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. అది నాకు దాదాపు కంఠస్థం.

నర్సింహులపేట దగ్గరి పల్లెలో మల్లయ్య అనే జీతగాడి మీద ఫిర్యాదు వచ్చింది. దళం ఊళ్లోకి వచ్చిన రోజు అతను తన గుడిసె కప్పెక్కి, పోలీసులు వస్తున్నారని సైగ చేశాడట. చెప్పినవాడు దొర దగ్గర పనిచేసే రంగయ్య. నిజమని తేలితే మల్లయ్యను వరంగల్ జైలుకు పంపాలి. అధికారి ఆ గుడిసె ముందే విచారణ పెట్టాడు. సాక్షి చెప్పిన ప్రతి మాటా నేను ఇంగ్లీషులో రాసి, తెలుగులో మళ్లీ వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి.

"ఆ దినం వాన దంచికొట్టింది సారు. గంత వానల గూడ వీడు కప్పు నడికొప్పు మీద కూసున్నడు. నా కండ్లతోని చూసిన" అన్నాడు రంగయ్య.

నేను ఉత్సాహంగా 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', అంటే పిల్లులూ కుక్కలూ కురిసినంత వాన, అని రాశాను. అధికారి నవ్వి, వానకూ కుక్కలకూ ఏం సంబంధమని అడిగాడు. పూర్వం ఇంగ్లండులో కుక్కలూ పిల్లులూ ఇంటి గడ్డికప్పు మీద పడుకునేవనీ, పెద్ద వానకు జారి కింద పడేవనీ పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఆయనకు ఎంతో నచ్చి, అందరికీ చెప్పమన్నాడు. చెప్పాను.

అంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న మల్లయ్య తల్లి లచ్చమ్మ ఫక్కున నవ్వింది.

"ఏందయ్యా గది? వానొస్తె కుక్క కప్పెక్కుతదా? మా కుక్కయితె మంచం కిందికెల్లి కదలనే కదలది. తడిసిన గడ్డి మీద పిల్లి కాలే ఆగది. మేం మిరుగం కార్తె రాకముందే గడ్డి కప్పుకుంటం, మల్ల వానలు పోయేదాంక ఎవ్వలం కాలు పెట్టం. గా దేశపోళ్లు గుడిసెలల్ల ఉన్నరా, నీ పుస్తకంలనే ఉన్నరా?"

ఊరంతా గొల్లుమంది. నా చెవులు వేడెక్కాయి. ఈ మాట వదిలేద్దామా అనిపించింది. కానీ విచారణలో వినబడిన ఏ మాటనూ ముతర్జిం దాచకూడదు. నన్ను ఎగతాళి చేసిన ముక్కతో సహా అంతా ఇంగ్లీషులో చెప్పాను.

అధికారి కలం కింద పెట్టాడు. పిల్లి నిలవలేని చోట మనిషి ఎలా కూర్చున్నాడని అడిగాడు. గట్టిగా పట్టుకుని కూర్చున్నాడని రంగయ్య అన్నాడు. అయితే ఎక్కి చూపించమన్నాడు అధికారి.

నాలుగు రోజులుగా వాన లేదు. ఆడవాళ్లు సంబరంగా నీళ్లు తెచ్చారు, ఇద్దరు మగవాళ్లు నిచ్చెనలెక్కి కప్పు మీద పోశారు. రంగయ్య ఎక్కాడు. రెండడుగులు వేసి, గుప్పెడు గడ్డి పట్టుకుని, ఆ గడ్డితో సహా సర్రున జారి పెంటకుప్పలో కూర్చున్నాడు. అధికారి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు.

"రంగన్నా, పీకినోనివి నువ్వే, కప్పేటోనివి నువ్వే!" అంది లచ్చమ్మ.

చేయి అందించి అతన్ని లేపింది మల్లయ్యే. ఫిర్యాదు నమ్మదగినది కాదని అక్కడే ఉత్తర్వు రాయించారు. మల్లయ్య సాయంత్రం తల్లి చేతి అన్నం తిన్నాడు.

తర్వాత చాలా పుస్తకాలు వెతికాను. ఆ పలుకుబడి ఎక్కడ పుట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. అచ్చులో చూసిన కథను ఆ పని చేసేవాళ్లకు ఒకసారి వినిపించాలనీ, తనకు తలవంపులైన మాటను కూడా ముతర్జిం పూర్తిగా తర్జుమా చేయాలనీ ఆ పూట నేర్చుకున్నాను.

నిఘంటువును ఇంటికి తీసుకుపోనిచ్చిన జనగామ గ్రంథాలయం సత్తయ్యగారికీ, పాత ఉత్తర్వు నకలు వెతికి ఇచ్చిన యాదగిరికీ, గడ్డి కప్పే పద్ధతి వివరించిన మల్లయ్య మనవరాలు సరోజనకూ, నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసిన లచ్చమ్మకూ నా కృతజ్ఞతలు.