గేటు మీది ఎర్ర తువ్వాల

కాక పోయాడని మొన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, కాక పోయిండే. చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అని ఫోన్ నాన్నకిచ్చింది. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నది ఒడ్డున సిరొంచలో మా పక్కిల్లు, కలప డిపోలో గుమాస్తా. వాడకట్టు మొత్తానికీ కాకే.

మా దగ్గర మొదటి కంప్యూటర్ ఆయనే తెచ్చాడు. చంద్రపూర్ నుంచి బస్సులో, దుప్పటి చుట్టిన మానిటర్‌ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆలపల్లి అడవి దారంతా తను నిలబడి వచ్చాడు. "కాకా, ఈయనకు ఫుల్ టికెటా, హాఫ్ టికెటా?" అని కండక్టర్ ఆట పట్టించాడట. "పెద్దమనిషి, ఫుల్లే కొట్టు" అన్నాడట కాక. ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే నవ్వేవాడు.

ఫోన్ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. నది అవతలికి ఆడపిల్లల్ని ఇచ్చిన వాళ్ళంతా కాక నంబరే ఇచ్చుకున్నారు. ఎవరికి ఫోన్ వచ్చినా గేటు దగ్గర నిలబడి కేకేసేవాడు. ఆ తీగకే ఇంటర్నెట్ తగిలించాక వచ్చింది చిక్కు. అది నడుస్తున్నంతసేపూ ఫోన్ మోగదు. ఒక సాయంత్రం కాక ఏవో హిమాలయాల బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. ఎదురింటి అవ్వ బిడ్డ మంచిర్యాల నుంచి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. తల్లికి ఏమో అయిందనుకుని, తెల్లారి మొదటి పడవకే ఏడ్చుకుంటూ వచ్చేసింది. చూస్తే అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది!

అందరూ నవ్వారు గానీ కాక నవ్వలేదు. ఆ రోజు నుంచి లైన్ కలిపే ముందు గేటు దగ్గరికి వచ్చి, "ఎవ్వరికన్న ఫోన్ వచ్చేదుందా?" అని అడిగేవాడు. లేదని అందరూ అంటేనే గేటుకు ఎర్ర తువ్వాల కట్టేవాడు. తువ్వాల ఉన్నంతసేపూ కాక లైన్‌లో ఉన్నట్టు.

లైన్ కలిసేటప్పుడు ఆ మోడెం డబ్బా చేసే కీచుగోల మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మా ఇంటర్నెట్ నాగపూర్ నుంచి వచ్చేది, ఆ గోల నాగపూర్ వాళ్ళు పలుకుతున్న చప్పుడని కాక నమ్మకం. మన మాటలు కూడా తీగలో పడి లైన్ చెడిపోతుందని భయం. "నాగపూర్ మాట్లాడుతున్నది, జర సప్పుడు చేయకుండ్రి" అని చెయ్యెత్తేవాడు. పిల్లలమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళం. అదేమీ లేదని నేను చదువుకుని వచ్చి చెప్పినా వినలేదు. "ఉండనియ్యి బిడ్డా, జరసేపు సప్పుడు చేయకుంటే ఏం పోతది?" అనేవాడు.

నా పన్నెండో తరగతి ఫలితాలు కూడా అక్కడే చూశాను. మంచి మార్కులొస్తే చంద్రపూర్ కాలేజీ, లేకుంటే చదువు ఇక్కడితో సరి అని నాన్న ముందే చెప్పేశాడు. పేజీ పైనుంచి కిందికి నత్తలా దిగుతోంది. నా పేరు వచ్చింది, మార్కులు ఇంకా రాలేదు. అంతలో కాక కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురింటి అవ్వ అరుగు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తువ్వాల వైపే చూస్తోంది.

"ఏందవ్వా?"

"ఏం లేదు కొడకా, నువ్వు కానియ్యి. పోరి కాన్పుకు దవాఖానకు పోయిందని పడవోళ్ళు చెప్పిండ్రు."

కాక వెంటనే డబ్బా తీగ పీకేసి, వెళ్ళి తువ్వాల విప్పాడు. అసలే నాకు ముక్కు మీద కోపం. ఏడుపొచ్చేసింది. కాక నా తల మీద చెయ్యి పెట్టి, "నీ మార్కులు అయిపోయిన ముచ్చటనే. యాడికి పోతయి? ఆమెది ఇంక కావాల్సిన ముచ్చట" అన్నాడు.

కాసేపటికే ఫోన్ మోగింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. అవ్వ నవ్వుతూ ఏడుస్తూ అక్కడే కూలబడింది. కాక మళ్ళీ తువ్వాల కట్టాడు గానీ కరెంటు పోయింది. మర్నాడు పొద్దున తనే మా ఇంటికి వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. పాసయ్యాను, మంచి మార్కులతోనే. ఆ సంగతి నాకంటే ముందు వాడకట్టుకు తెలిసింది, గేటు దగ్గర ఆయన కేకేసిన తీరుకి. ఈ రోజు నేను తినే అన్నం ఆ కంప్యూటర్ ముందు మొదలైన చదువుదే. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. "మరి చాయ్ తాపియ్యి" అన్నాడు, అంతే.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు వాడకట్టులో అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆ ఇంటి గేటుకు మాత్రం ఎర్ర తువ్వాల కట్టి ఉంది. ఎదురుగా అరుగు మీద అవ్వ ఎప్పటిలాగే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చుని, "ఎందుకు కట్టినవే అవ్వా?" అని అడిగాను.

"లైన్ల ఉన్నడు బిడ్డా. జర సప్పుడు చేయకు."

ఇద్దరం తువ్వాల వైపు చూస్తూ, సప్పుడు చేయకుండా కూర్చున్నాం.