పాప రాసిన భూగోళం

అద్లియాలో మా ఆఫీసు కింది కేఫ్‌లో పొద్దున చాయ్‌లో లవంగాలు వేసి మరిగిస్తున్నారు. ఆ వాసనకి, చిన్నప్పుడు ఇదే ఎడారి దేశంలో, రిఫాలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే గ్రీకు అవ్వ గుర్తొచ్చింది. పాత పుస్తకాలకి పురుగు పట్టకుండా పేజీల మధ్య లవంగాలు పెట్టేది.

అమ్మానాన్నలిద్దరూ డ్యూటీకి పోయేవాళ్లు. బడి నుంచి వచ్చి, మెడలో వేలాడే తాళంచెవితో నేనే తలుపు తీసుకునేదాన్ని. ఖాళీ ఇల్లు చూసి భయమేసి అవ్వ దగ్గరికి పోయేదాన్ని. ఆమె కూడా ఒక్కతే. ఒకరోజు భూగోళం పుస్తకం ఒకటి చూపించింది.

"మా గ్రీకులకింకా సొంత దేశం లేని రోజుల్లో, మా పిల్లల కోసం పాపాస్ రాసిన పుస్తకం ఇది," అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

పాప రాసిందా! నా అంత పాప, బడి పుస్తకం రాసిందా! అమ్మకి చెప్తే, "ఏ పాపనే? నాకు డ్యూటీకి టైమైతుంది, జరుగు," అంది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఖాళీ ఇంట్లో ఆ పాపతోనే మాట్లాడేదాన్ని.

పాప ఇప్పుడెక్కడుందని అవ్వని అడిగాను. దేశం రాకముందే పరాయి ఊళ్లో ప్రాణం పోయిందని చెప్పింది. వెక్కి వెక్కి ఏడ్చాను. తన దేశం కోసం ఏడుస్తున్నాననుకుని అవ్వ నన్ను దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది.

పాపాస్ అంటే వాళ్ల భాషలో చర్చి పూజారి అని చాలా ఏళ్లకి తెలిసింది. అప్పట్నుంచి, ఎన్నడూ చూడని పిల్లల కోసం పరాయి గదిలో రాసుకుంటున్న గడ్డపాయన్ని ఊహించుకుందామని చూస్తాను. ఆయన రాడు. మెడలో తాళంచెవి వేసుకుని, ఒక్కతే కూర్చుని రాసుకుంటున్న పాపే వస్తుంది.