మూడిండ్లకు ఒకే తీగ

ఒక్క ఆదివారం పొద్దున నేను పోగొట్టుకున్నవి ఇవీ: ఇంటికప్పు మీది పెంకులు పదకొండు, ఎడమకాలి చెప్పు, ఊళ్లో లెక్కల మనిషినన్న పేరు, అక్కతో మాటలు. పెంకులు మళ్లీ కప్పించాను. మిగతావి ఎట్లా పోయాయో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటే.

ఎనభైలలో మా కుండల్‌వాడికి టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. నాందేడ్ నుంచి బొమ్మ అందాలంటే ఇంటి మీద తాటిచెట్టంత గొట్టం నిలబెట్టి, దాని నెత్తిన యాంటెన్నా బిగించాలి. మా వరుసలో టీవీలున్నవి మూడిండ్లు: మాది, పాటిల్ కాకాది, గంగారాం మామది. ఒక మోటారు నీళ్లు మూడు చేన్లకు పారడం లేదా? బడి ఏడో తరగతిలోనే ఆగినా నీళ్ల పాళీల, అంటే వంతుల, లెక్క సొంతంగా నేర్చినవాణ్ణి. ఒకే గొట్టం, మూడు తీగలు అని తేల్చేశాను.

చిక్కల్లా టీవీల వెనక, తీగ తగిలించే చోట ఉంది. మా దానికి రెండు మరలు, కాకా దానికి గుండ్రటి రంధ్రం, మామ దానికి రెండూ ఉండి ఏదీ సరిగా లేదు. నాందేడ్ దుకాణానికి పోయాను.

"అన్ని టీవీలకు పనిచేసే తీగ ఒకటే కావాలె."

"గీ నల్లది తీస్కపో భాయ్. కొసకు ఏది బిగిస్తే గా టీవీకి చల్తా. మూడిండ్లకంటే పంచేటందుకు ఒక డబ్బీ గూడ వస్తది."

"డబ్బీ ఎందుకు? మూడు కొసలు కలిపి మెలేస్తే అయిపాయె."

దుకాణదారు నా మొహం చూసి తీగ కొలవడం మొదలుపెట్టాడు.

ఆ వారమే కబురు వచ్చింది. సగరోళిలో ఉండి చదువుకుంటున్న మేనకోడలు సునంద, గలగలలాడే లెజిం చేతబట్టి ఆడే ఆట ఆదివారం టీవీలో రెండు నిమిషాలు వస్తుందట. కూతుర్ని చూడటానికి అక్క ఇస్లాపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, టీవీ ముందు కదలకుండా కూర్చుంది.

బొమ్మ వచ్చింది. ప్రతి మనిషి పక్కనా మరో ఇద్దరు.

"తమ్మీ, గీ ఊర్లె అందరు కవలలేనా?"

"కాదక్కా. బొమ్మ మూడు దిక్కులకు పారుతుంది. ఉండు, వాళ్ల దిక్కు పారే మడవలు మూయించొస్త."

పాటిల్ కాకా ఇంటికి ఉరికాను.

"కాకా, జర మీ టీవీ బంద్ చెయ్. మా సునంద వస్తది."

"అరె, ఇప్పుడు పాళీ మాది గదా?"

"ఇదేమన్న నీళ్ల పాళీనా కాకా?"

"నీళ్ల లెక్కనే అని మొన్న నువ్వే చెప్తివి గదరా."

గొణుక్కుంటూనే బంద్ చేశాడు. మామ కూడా చేశాడు. మా టీవీలో కవలలు మాత్రం అట్లాగే ఉన్నారు. ఇక మిగిలింది ఆ రెండిండ్ల తీగలు పీకేయడమే. ఇంటి మీదికెక్కాను. చూస్తే మూడు తీగలు, మూడూ నల్లవే, ఒకే లావు. అన్నిటికీ పనికొచ్చేదని ఏరికోరి తెచ్చింది నేనే కదా.

"ఏది మనదో ఎర్కేనా?" కింది నుంచి మా ఆవిడ అడిగింది.

"లెక్కుంది," అని రెండు పీకి, ఒకటి ఉంచాను.

లోపల్నుంచి అక్క గొంతు: "తమ్మీ, లెజిం పిల్లలు రాంగనే పోయిండ్రు. తెర మీదంత బియ్యం రాలుతున్నయి."

ఆ కంగారులో పెంకులు విరిగాయి, చెప్పు జారి మోరీలో పడింది. పాకి పాకి పోయి, ఉంచిన తీగ పీకి మా తీగ కలిపేసరికి, టీవీలో ఎవరో పెద్దమనిషి ఎరువుల గురించి చెబుతున్నాడు. ఈసారి ఒక్కడే, అద్దంలో చూసినట్టు ఉన్నాడు.

అప్పుడే పాటిల్ కాకా నవ్వుకుంటూ వచ్చాడు. "బంద్ చేసి కూసుంటే మనసు ఆగలే, మల్ల పెట్టి చూసిన. ఏం ఆడింది రా మీ పిల్ల. చెవుల కమ్మలు గూడ సాఫ్ కనవడ్డయి. మంచి తీగ తెచ్చినవ్."

అక్క చీరకొంగు నడుముకు చుట్టి బస్సుకు నడిచింది. ఆరు నెలలు మాట్లాడలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు: ఈ జన్మలో ఇంకే తీగా మెలెయ్యను, నీళ్ల లెక్క నీళ్లు దాటనివ్వను. అక్క ఇప్పుడు మాట్లాడుతుంది. కలిసినప్పుడల్లా ఒకటే మాట: "వడ్డీ వద్దు తమ్మీ, అసలు ఇయ్యి."

బాకీ: రెండు నిమిషాలు.