సాయవ్వ పోసిన గ్లాసు

సాయవ్వ ఐదో తరగతి వరకు చదివింది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఎవరితో ముచ్చట మొదలుపెట్టినా ఆమె ముందుగా చెప్పేది అదే. ధరూర్ మండలంలో కృష్ణ వైపున్న ఆ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్ళంతా వేలిముద్ర వేస్తే, ఆమె ఒక్కతే గుండ్రటి అక్షరాలతో సాయమ్మ అని సంతకం పెడుతుంది. ఇక రెండో సంగతి, ఆమె చేసిన కాన్పులు మూడు వందల ఎనభై ఆరు. ప్రతి బిడ్డ పుట్టిన వారమూ, తల్లి పేరూ ఆమె చేతిరాతతోనే నోటుబుక్కుల్లో ఉన్నాయి. వాగు పొంగిన రోజున ఎడ్లబండిలోనే కవలలను తీసింది. కాళ్ళు ముందుగా వచ్చిన బిడ్డలు నలుగురు, నలుగురూ బతికారు. గద్వాలలో మంత్రసానులకు శిక్షణ పెట్టినప్పుడు బొడ్డు ఎలా కోయాలో ముప్పై మంది ముందు నిలబడి చేసి చూపించింది. ఆమె చేతుల మీద ఒక్క బాలింత కూడా పోలేదు.

డెబ్బై అయిదేళ్ళు దాటాక కూడా ఈ లెక్కలో ఒక్కటి అటూ ఇటూ కాలేదు.

ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలోనే. అందుకు సాయవ్వకు చింత లేదు. కాన్పు దవాఖానది, బాలింత నాది అంటుంది. తల్లికి నూనె రాసి వేడినీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం, నడుముకు గుడ్డ బిగించడం, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని స్నానం చేయించడం, ఇవన్నీ ఆమె పనులే. పాలు పడని బాలింత ఉంటే ముందు ఆమెకే కబురు వస్తుంది. దానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసేటప్పుడు తల్లికి ఒక గ్లాసు కల్లు పోస్తుంది. కల్లు తాగితే పాలు పొంగుతాయని ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది, ఆ అత్తకు ఆమె అత్త చెప్పింది. ఊళ్లో ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

అలివేలమ్మ కోడలు అర్చనకు కూడా అలాగే పోసింది.

అర్చనది కోడేరు. డిగ్రీ చదివింది. మొగుడు ప్రశాంత్ ధరూర్ నుంచి గద్వాలకు ఆటో నడుపుతాడు. మొదటి కాన్పు, ఆడపిల్ల. బిడ్డకు పాలు సరిపోవడం లేదని అత్త అలివేలమ్మ రోజూ గొణుగుతూనే ఉంది. తొట్టెల రోజు ఇంటినిండా చుట్టాలు. పాపకు అమూల్య అని పేరు పెట్టి, పాట పాడి, తొట్టెల ఊపడం అయ్యాక సాయవ్వ స్టీలు గ్లాసు పట్టుకుని అర్చన ముందు కూర్చుంది.

"వద్దవ్వా, నాకు అలవాటు లేదు. పాపకు పాలియ్యాలె గద."

"పాల కోసమే తాగమంటున్ననే. మీ కోడేరుల గిట్ల చెయ్యరా?"

"మా అమ్మ తాగలే."

"అందుకే నువ్వు గింత సన్నగున్నవ్."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. అర్చన మళ్ళీ తల అడ్డంగా ఊపింది. దవాఖానలో నర్సు వద్దని చెప్పిందని మెల్లగా అన్నది.

"ఆ నర్సు ఎంతమందిని చూసిందో అడుగు. నేను మూడు వందల ఎనభై ఆరు చూసిన. నీ డిగ్రీల గింత లెక్క ఉన్నదా?"

"పెద్దమనిషి చెప్తుంటె ఎదురు మాట్లాడుతవేందే!" అని అలివేలమ్మ వెనుక నుంచి అందుకుంది. "నేనే తెప్పించిన. ఒక్క గ్లాసుకు ఏమైతది?"

సాయవ్వ గ్లాసు అడుగున వేళ్ళు ఆనించి, చిన్నపిల్లకు మందు తాగించినట్టు పైకెత్తింది. అర్చన కళ్ళు మూసుకుని తాగేసింది. ఎవరో ఫోటో తీశారు. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి పాప ఏడిస్తే అర్చన పాలిచ్చింది. పాప నిద్రపోయింది.

పొద్దు వాలినా లేవలేదు. తడి బట్ట మార్చినా, అరికాళ్ళు గిచ్చినా లేవలేదు. నోట్లో రొమ్ము పెడితే చప్పరించలేదు. అంతవరకూ "నిద్ర మంచిదే, కడుపు నిండింది" అంటూ వచ్చిన సాయవ్వ, పాప చెయ్యి ఎత్తి వదిలి చూసింది. అది గుడ్డపేలికలా పడిపోయింది. అప్పుడు ఆమే కేక వేసింది, "ప్రశాంతూ, ఆటో తియ్యి!"

గద్వాల దవాఖానలో ఉన్నది ఆడ డాక్టరు. పాపను చూస్తూనే అడిగింది, తల్లి ఏమైనా మందులు వాడిందా అని. అర్చన దాచలేదు. ఒక గ్లాసు సీసా కల్లు తాగి, వెంటనే పాలిచ్చానని చెప్పింది. ఎవరు పోశారో చెప్పలేదు. పోసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. అర్చన అటు చూడను కూడా లేదు.

డాక్టరు తిట్టలేదు, విడమరచి చెప్పింది. చెట్టు కల్లయినా సీసా కల్లయినా తల్లి తాగింది పాలలోకి పోతుంది, పసిగుడ్డుకు అది అరగదు. దుకాణాల సీసా కల్లులో ఏం కలుపుతారో కూడా తెలియదు. కల్లు వల్ల పాలు పెరగవు. బిడ్డ ఎంత చీకితే అంత పడతాయి. రెండు రోజులు పాపను కనిపెట్టుకుని ఉండి, బాగయ్యాక ఇంటికి పంపుతూ ఒక మాట గట్టిగా చెప్పింది, ఇక తల్లి కల్లు ముట్టవద్దు, బిడ్డకు మాత్రం తల్లి పాలే పట్టాలి, మాన్పించవద్దు అని.

సాయవ్వ అంతా విన్నది. "అప్పటి కల్లు వేరమ్మా, చెట్టు దిగంగనే తెచ్చేది" అని ఒకసారి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

వాళ్ళు ఇంటికి వచ్చేసరికి ఫోటో వాళ్ళకంటే ముందే ఊరంతా తిరిగింది. ఒళ్ళో బిడ్డ, నోటి దగ్గర గ్లాసు. ఊరి వాట్సాప్ గ్రూపులో దాని కింద రాతలే రాతలు. ఇది తల్లేనా అని ఒకరు. డిగ్రీ చదివితే ఇంతే అని ఒకరు. బిడ్డ సచ్చి బతికిందట అని ఒకరు. రోజూ పొద్దుగూకేసరికి కల్లు దుకాణం ముందు బెంచీ మీద కనబడేవాళ్ళే ఎక్కువమంది రాశారు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు అర్చన వస్తే బిందెలు జరుపుకున్నారు. అంగన్‌వాడీకి పోతే ఒకామె ముక్కు మూసుకుంది.

సాయవ్వ మనుమరాలి ఫోనులో ఆ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. గ్లాసు అడుగున మూడు వేళ్ళు కనబడుతున్నాయి. అందులో ఒకటి వంకర చిటికెన వేలు. చిన్నప్పుడు రోలు పడి విరిగిన వేలు. అది ఎవరిదో ఊళ్లో ఎవరికీ పట్టలేదు, ఆమెకు తప్ప.

ఇక అలివేలమ్మ ఒక తీర్మానానికి వచ్చింది. పాప తన దగ్గరే ఉంటుంది, డబ్బా పాలు తాగుతుంది. అర్చన కోడేరు పోవాలి, బుద్ధి వచ్చాక చూద్దాం. ఇంటికి వచ్చినప్పటి నుంచీ పాపను తన మంచం మీదే పడుకోబెట్టుకుంది. అర్చన గోడకు ఆ పక్క కూర్చుని, పాప ఏడుపు వింటూ, రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టి జ్వరం తెచ్చుకుంది. ప్రశాంత్ ఆటో తుడవడమే పనిగా పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున పెద్దమనుషులు ఇంటి ముందు కూర్చుని మాట తెంపుతారని, తీర్పు వాళ్ళదేనని కబురు వచ్చింది.

మూడు రోజులు సాయవ్వ ఇంట్లోంచి కదలలేదు. నోటుబుక్కులు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. తప్పు తనదని చెబితే ఇక బాలింత ఇంటి గడప ఎవరు ఎక్కనిస్తారు? చెప్పకపోతే ఎవరూ అడగరు కూడా. అసలు అంతమందికి పోసినప్పుడు లేని తప్పు ఇప్పుడు ఎలా వచ్చిందని తనతో తాను పోట్లాడింది. అలా పోట్లాడుతుంటే ఒక్కొక్కరూ గుర్తుకు వచ్చారు. తొట్టెల రోజు పొద్దస్తమానం పడుకున్న బిడ్డలు. "మంచిగ నిద్రపోతుండు, నా చేతి మహిమ" అని తాను మురిసిన బిడ్డలు. వాళ్ళు బతకడం తన గొప్పతనం అనుకుంది ఇన్నాళ్ళూ. ఆదివారం తెల్లారగానే తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని బయలుదేరింది.

అలివేలమ్మ వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. నడుమ బుచ్చన్న. ఊరికి పెద్దమనిషి, యాభై ఏళ్ళవాడు. పక్కన ఇద్దరు ముగ్గురు. అర్చన గుంజకు ఆనుకుని నిలబడి ఉంది, సంచి సర్ది కాళ్ళ దగ్గర పెట్టి ఉంది. ఆమె రవికె ముందంతా పాలతో తడిసి ఉంది. అలివేలమ్మ ఒళ్ళో పాప గుక్కపెట్టి ఏడుస్తోంది.

"చూడమ్మా," అని బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు, "ఆడది తాగుడు మన ఇండ్లల్ల లేదు. అందుల పాలిచ్చే తల్లి. జర కొన్ని రోజులు మీ అమ్మగారింటికి పోయి..."

"బుచ్చిగా!" అంది సాయవ్వ వాకిలి నుంచే.

ఊళ్లో అతన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరూ తిరిగి చూశారు.

"ఆడది తాగుడు మీ ఇంట్ల లేదా? కాళ్ళు ముందల పెట్టి వచ్చినోన్ని నిన్ను బయటికి గుంజి, నీ తొట్టెల నాడు మీ అమ్మకు రెండు గ్లాసులు పోసిన. మూడోది తనే అడిగింది."

కుర్చీల వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. బుచ్చన్న మెడ ఎర్రబడింది. "గిది వేరు ముచ్చట సాయవ్వా. నువ్వు కూసో. పెద్దదానివి."

"పెద్దదాన్నే. అందుకే నిలబడి చెప్త. ఆ ఫోటోల గ్లాసు కింద వేళ్ళు ఎవరివో చూసిన్రా? ఇగో, చూడుండ్రి." కుడి చెయ్యి ఎత్తి వంకర వేలు చూపించింది. "ఈ పిల్ల ఒద్దన్నది. ఒక్కసారి గాదు, మూడుసార్లు. నర్సు చెప్పిందని కూడ అన్నది. నేనే ఇనలే. నేనే తాపిన."

బుచ్చన్న పక్కనున్నాయన మెత్తగా అందుకున్నాడు. "నీకేం తెల్వదవ్వా, పాతకాలం దానివి. నిన్నెవరన్నరు? చదువుకున్న పిల్ల, సోయి దానికుండాలె."

అది సాయవ్వకు వేసిన మంచి దారి. తల ఊపితే చాలు, ఆమె పేరు ఆమెకు ఉంటుంది. ఆమెకు ఆ దయ చూస్తేనే ఒళ్ళు మండింది.

"నాకు తెల్వదా? ఐదో తరగతి చదివిన. మూడు వందల ఎనభై ఆరు కాన్పులు చేసిన. అందరికీ గదే గ్లాసు పోసిన, తప్పని తెల్వక పోసిన. గద్వాల డాక్టరమ్మ చెప్తె తెల్సింది. నేను చేసినవి మీకు చెప్పుకుంట తిరిగిన గద ఇన్నేండ్లు? ఇది కూడ నేను చేసిందే. దీన్ని వేరేటోళ్ళ నెత్తి మీద రుద్దకుండ్రి."

తరువాత అలివేలమ్మ వైపు తిరిగింది. "సీసాలు ఎవరు తెప్పించిన్రు అలివేలూ? చెప్పు నలుగురి ముందల."

అలివేలమ్మ పాపను అటు నుంచి ఇటు మార్చుకుంది. "నాకేం తెల్సు... అందరు చేసిందే చేసిన."

"మరి నువ్వెప్పుడు పోతున్నవు మీ అమ్మగారింటికి? నేనెక్కడికి పోవాలె? ముగ్గురం కలిసి చేసిన పనికి ఇది ఒక్కతే సంచి సదురుకున్నదేంది?"

"ఎంతయినా, తాగింది ఆ పిల్లనే గదా" అని వెనుక నుంచి ఒక గొంతు లేచింది. ఆ మనిషి కళ్ళు నిన్నటి దుకాణం నుంచి ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఈసారి అర్చన మాట్లాడింది. గొంతు జ్వరంతో బొంగురుపోయింది, కానీ వణకలేదు.

"అవును, నేనే తాగిన. పెద్దోళ్ళ మాట తీసెయ్యొద్దని తాగిన. అది నా తప్పు. దవాఖానల నేనే చెప్పిన, దాయలే. పాపను నేనే పట్టుకపోయిన. డాక్టరమ్మ నా పాలే పట్టమన్నది. నాలుగు దినాలాయె నా బిడ్డ నా దగ్గర లేక. నేను యాడికీ పోను. నన్ను తాగుబోతన్నోళ్ళు మీరు రోజు తాగి మీ పిల్లల్ని ఎత్తుకుంటలేరా? మీ ఫోటోలు ఎవరు పెట్టిన్రు?"

ఎర్రకళ్ళాయన నేల చూశాడు. అంతవరకు గోడకు ఆనుకుని ఉన్న ప్రశాంత్ వచ్చి, అర్చన కాళ్ళ దగ్గరి సంచి తీసుకుని లోపలికి నడిచాడు.

పాప ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. అలివేలమ్మ డబ్బా పాల సీసా నోట్లో పెట్టబోతే తల తిప్పుకుంది. సాయవ్వ ముందుకు వచ్చి రెండు చేతులూ చాచింది.

"ఇటియ్యి."

"సాయవ్వా, ఇంకా మాట తెగలే..." అన్నాడు బుచ్చన్న.

"ఇటియ్యే అలివేలూ. నీకు కొడుకును తీసి నీ చేతుల్ల పెట్టిన మనిషిని. అడుగుతున్న."

అలివేలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, సిగ్గో, ఆమెకే తెలియలేదు. పాపను ఇచ్చింది. సాయవ్వ రెండడుగులు వేసి అర్చన చేతుల్లో పెట్టింది. అర్చన అక్కడే గడప మీద కూర్చుని, కొంగు కప్పుకుంది. పాప వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది. ఏడుపు ఆగిపోయింది.

సాయవ్వ వంగి, "తల జర కిందికి పెట్టు బిడ్డా, ముక్కుకు ఊపిరాడాలె..." అని మొదలుపెట్టింది.

"నాకు తెల్సు అవ్వా" అంది అర్చన, తల ఎత్తకుండానే.

సాయవ్వ చూసింది. తల సరిగ్గానే ఉంది, ముక్కుకు ఊపిరీ ఆడుతోంది. నిటారుగా లేచి, మగవాళ్ళకూ గడపకూ నడుమ వీపు అడ్డంపెట్టి నిలబడింది.

బుచ్చన్న కండువా భుజం మార్చుకుని, "మరి మాట ఏం తెంపినట్టు?" అని ఎవరినని కాకుండా అడిగాడు.

"ఇగ తెంపేదేముంది? బిడ్డ పాలు తాగుతున్నది. కుర్చీలు మడత పెట్టుకొని ఇండ్లకు పోండ్రి" అంది సాయవ్వ.