ఆ మట్టి ఎక్కడిది

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్ తెలుగువాళ్లలో డెబోరాకి ముక్కు మీద కోపమని పేరు. అన్నవాళ్లకేం, అంటారు. పదిహేనేళ్లుగా నర్సు ఉద్యోగంలో ఎంతమంది రోగులు విసుక్కున్నా ఆవిడ ఒక్క మాట తూలలేదు. ఆవిడ కోపమంతా ఒక కొండ గురించి. ఆ కొండ ఇప్పుడు లేదు.

ఆ శనివారం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వంటింటి బల్ల నిండా థర్మకోల్ ముక్కలు. కూతురు అబిగేయిల్ స్కూల్ సైన్స్ ప్రదర్శన కోసం జపాన్‌లోని విమానాశ్రయం ఒకటి తయారు చేస్తోంది. నీలిరంగు సముద్రం, మధ్యలో మనుషులు మట్టి పోసి కట్టిన దీవి, దాని మీద అట్టముక్క రన్‌వే, బుల్లి విమానం, ఒడ్డుకి వంతెన. ముచ్చటగానే ఉంది.

"సముద్రంలో అంత మట్టి ఎక్కణ్ణించి తెచ్చి పోశారే?" అంది డెబోరా బూట్లు విప్పుకుంటూ.

"దే జస్ట్ కట్ డౌన్ మౌంటెన్స్, మామ్. నోబడీ లివ్డ్ దేర్, సో ఇట్స్ గ్రాండ్, నో ప్రాబ్లమ్."

డెబోరా ఒళ్లు భగ్గుమంది. అచ్చం ఇదే మాట. వాళ్ల ఊరి దగ్గర పోర్టు కోసం సముద్రం పూడ్చడానికి వచ్చినప్పుడు, జీపు దిగిన ఆఫీసరూ ఇదే అన్నాడు, కొండ మీద ఎవరూ లేరు కదా అని. లేకపోవడమేమిటి? ఊరి శ్మశానంలో చోటివ్వకపోతే, పేటలో క్రైస్తవులు తమవాళ్లని పాతిపెట్టుకున్నది ఆ కొండ మీదే. డెబోరా తల్లి కరుణమ్మ సమాధీ అక్కడే. లారీలొచ్చాయి, ఎముకలైనా ఏరుకోనివ్వలేదు. నర్సింగ్ హాస్టల్ నుంచి సెలవుకి వెళ్లిన డెబోరాకి కొండ ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక ఇన్నాళ్లూ మింగుతూనే ఉంది. ఐర్లండ్‌లో పుట్టిన పిల్లకి చెప్పినా ఏం అర్థమవుతుందిలే అని ఊరుకుంది.

"ఎవరూ లేరని నీకెవరు చెప్పారే?" అని గద్దించింది. "మా కొండ మీద మా అమ్మ ఉంది. మట్టితో పాటు ఆవిణ్ణీ ఎత్తుకుపోయి సముద్రంలో పోశారు. కొవ్వొత్తి పెట్టుకుందామంటే జానెడు నేల మిగల్చలేదు దొంగవెధవలు."

అబిగేయిల్ జిగురు సీసా మూత తీసింది. రెండు అగ్గిపుల్లల్ని అడ్డంగా అతికించి సిలువ చేసింది. అన్నిటికీ ఇంగ్లిషులోనే జవాబిచ్చే పిల్ల, తడుముకుంటూ తెలుగులో అడిగింది.

"అమ్మమ్మని ఎక్కడ పెట్టను?"

బల్లంతా వెతికినా కొండ లేదు. డెబోరా అట్టముక్క రన్‌వేని పైకి లేపింది.

"దీని కింద."