అడిగి పోయించుకున్న మట్టి

తొలకరికి నేల తడిసినప్పుడు వచ్చే వాసన అంటే మా ఆఫీసులో అందరికీ ఇష్టం. మొన్న జగిత్యాలలో మొదటి వాన పడగానే ఫైళ్లు వదిలేసి వరండాలోకి పరుగెత్తి, కళ్లు మూసుకొని గాలి పీల్చుకుంటూ మురిసిపోయారు. నేను నా పక్కనున్న కిటికీ మూసేశాను. నాకు ఆ వాసన పడదు. మట్టిని తలచుకొని మురిసిపోయేవాళ్లను చూస్తే, నిజం చెప్పాలంటే, ఒళ్లు మంట కూడా.

కోరుట్లకు ఆటోలో అరగంట దూరంలో, గుట్ట కింద ఉండేది మా వాడ. నేను మూడో తరగతికి వచ్చేదాకా ఆ గుట్ట మాదేననుకున్నాను. బతుకమ్మ రోజుల్లో మంచు ఆరకముందే అమ్మలక్కల వెంట ఎక్కి, తంగేడు కొమ్మలు విరుచుకొని, గునుగు పూలు ఒడినిండా నింపుకొని, దిగేటప్పుడు రాళ్ల సందుల్లో కన్ను విప్పిన సీతాఫలాలు తెంపుకొచ్చి బియ్యం డబ్బాలో మాగేసేవాళ్లం. సద్దుల బతుకమ్మ నాడు రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి పిసికిన మలీద ముద్దలు తిన్న చేతులకు నెయ్యి వాసన, ఆ పండ్ల వాసన రెండూ కలిసి ఉండేవి.

ఆ గుట్టను ఎవరో లీజుకు తీసుకున్నారు. పేలుడు చప్పుళ్లకు ఇంటి చూరు రాలేది. ఇంటింత బండలను లారీల మీద తెచ్చి కోయడానికి రోడ్డు పక్కన గ్రానైట్ మిల్లు లేచింది. రంపం మీద రోజంతా నీళ్లు పోస్తారు; కోసిన రాతిపొడి ఆ నీళ్లలో కలిసి తెల్లటి బురదవుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట పారబోయాలి. మా వాడ వెనక, వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలిచే పల్లం ఉండేది.

మా నాన్న రాజయ్య, మా బాపు, ఆ మిల్లులో ట్రాక్టర్ నడిపేవాడు. పల్లం పూడితే దోమలు పోతాయని, ఇంకో నాలుగు గుడిసెలకు జాగా దొరుకుతుందని, వాడ పెద్దలను వెంటబెట్టుకొని పోయి, చేతులు కట్టుకొని, ఆ బురద మా దగ్గర పోయించమని మిల్లు సేటును అడిగాడు. సేటు పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు. పారబోసే చోటు కోసం తానే వెతుక్కుంటున్న మనిషికి మేము దండ వేసి దండం పెట్టాం. చప్పట్లు కొట్టిన పిల్లల్లో నేనూ ఉన్నాను. ఆ చప్పట్లను ఇవాళ్టికీ క్షమించుకోలేకపోతున్నాను.

బురద మాత్రం మీగడంత మెత్తగా ఉండేది. దాంతో ఎడ్లు, బండ్లు, పొయ్యిలు చేసి ఎండబెట్టేవాళ్లం. మొహాలకు పౌడర్‌లా పూసుకొని పెళ్లికూతుళ్లమయ్యేవాళ్లం. చిన్నపిల్లలు గడ్డలు గడ్డలుగా కొరుక్కు తినేవాళ్లు. ఆడవాళ్లు సున్నం కొనడం మానేసి దాన్నే గోడలకు అలికారు. ఎండాకాలంలో ఆ నేల అప్పడంలా పగిలి, గాలి లేస్తే వాడంతా తెల్లగా మసకేసేది. గంజి కుండ మీద, పడుకున్న పిల్లల కనురెప్పల మీద కూడా అదే పొడి. నన్ను కన్న అవ్వ లచ్చవ్వకు అదొక బతుకుదెరువైంది. ఎండిన పెళ్లలను దంచి, పాత చీర కొంగుతో జల్లెడ పట్టి, ముగ్గు పిండిగా గంపకెత్తుకొని కోరుట్ల గల్లీల్లో తిరిగి అమ్మేది. చీరకు రెండో కొస పట్టుకునేది నేనే. జల్లించినంతసేపూ ఇద్దరం ఒకరికొకరం కనిపించేవాళ్లం కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా అవ్వకు దగ్గు మొదలైంది. ఊళ్లో ఇచ్చిన సిరప్పులు అయిపోయాయి. టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగింది. మనిషి చిక్కింది గానీ దగ్గు చిక్కలేదు. చివరికి ఒక పెద్ద డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "ఏ క్వారీల పనిచేసినవమ్మా?" అని అడిగాడు.

"క్వారీ మొఖం సుత చూడలే సారు. ముగ్గు పిండి జల్లెడ పడుత," అంది అవ్వ.

ఆయన బాపును పక్కకు పిలిచి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయిందని, అది బయటికి రాదని, మందు లేదని చెప్పాడు. రాళ్లు కొట్టేవాళ్లకిచ్చే సాయం కోసం ఒక ఆఫీసుకు పోతే, కుర్చీలో మనిషి తల ఎత్తకుండానే మస్టర్‌లో, కూలీల హాజరు పట్టీలో, పేరుందా అన్నాడు. లేదు. పొడి ఊపిరితిత్తుల్లో ఉంది, పేరు మస్టర్‌లో లేదు.

బాపు మిల్లుకు పోయి, బురద పోయడం ఆపమని సేటును బతిమాలాడు. సేటు నవ్వాడట. "నువ్వే గద రాజయ్యా, దండేసి మరీ అడుక్కున్నవు?" బాపు ఇంటికొచ్చి, అరుగు మీద తల వంచుకొని కూర్చొని ఆ మాట చెప్పాడు.

తెల్లారి అవ్వ గంపనిండా పిండి నింపి, నన్ను తోడు తీసుకొని బయల్దేరింది. పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ మిల్లు ఆఫీసు దాకా నడిచింది. లోపలికి పోయి, గంపను సేటు టేబుల్ మీద బోర్లించింది. కాగితాలు, ఫోను, చాయ్ గ్లాసు అన్నీ తెల్లబడ్డాయి. సేటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని లేచాడు.

"అడుక్కున్నం సేటూ. మట్టనుకొని అడుక్కున్నం. నీకెరుక, మాకెరుక లేదు. ఇప్పుడు ముక్కెందుకు మూసుకుంటున్నవు? పీల్చు!"

బాపు పని ఆరోజే పోయింది. ఎవరో అధికారులు వచ్చి మట్టిని సంచుల్లో పట్టుకుపోయారు. అందులో ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు. మిల్లు ట్రాక్టర్లు మా వాడ వదిలేసి మరో ఊరి కుంటకు తిరిగాయి. నేను పది పాసయ్యానని అవ్వకు చెప్పలేకపోయాను. పరీక్షలకు ముందే పోయింది.

పోయిన దసరాకు అటు వెళ్లాను. గుట్ట లేదు, పచ్చటి నీళ్లు నిలిచిన గొయ్యి ఉంది. సీతాఫలాలు లేవు, తంగేడు కోరుట్ల అంగడిలో కట్టలు కట్టి అమ్ముతున్నారు. వాడవాళ్లు తలో దిక్కుకు పోయారు. తెల్ల నేల మీద ఎర్ర మొరం మట్టి పరిచి, హద్దురాళ్లు పాతి, రంగుల జెండాలు కట్టి ప్లాట్లు చేశారు. ఏజెంట్ ఒకామెకు మూలప్లాటు చూపిస్తున్నాడు. భర్త దుబాయ్‌లో ఉన్నాడట. ఫోనులో వీడియో పెట్టి ఆయనకూ చూపిస్తోంది. రెండేళ్ల పాప మొరంలో కూర్చొని ఆడుతోంది.

నేను చెప్పుతో మొరాన్ని గీకాను. జానెడు లోతు కూడా లేదు, తెల్లగా బయటపడింది.

"ఏంది మేడం, ఏం చేస్తున్నరు? మీకేం పని?" అంటూ ఏజెంట్ దాన్ని కాలితో కప్పబోయాడు.

"మా అవ్వ గీ పొడి పీల్చే చచ్చిపోయింది," అన్నాను ఆమెతో. "తవ్విపిచ్చి చూడు, చెల్లే. ఊరోళ్లను అడుగు."

ఆమె ఫోను దించేసింది. ఫోనులో భర్త "ఏమైంది, ఏమైంది?" అంటూనే ఉన్నాడు. ఆమె పాపను చంకనెత్తుకొని, ఆ రెండు చేతులనూ వేలు వేలుకూ కొంగుతో తుడుస్తూ రోడ్డు వైపు నడిచింది.